ఇండెంటులో "ఫిల్టరు" అని రాస్తే చాలదు

వార్డు ఇండెంటు పుస్తకంలో "ఫిల్టరు – 10" అని రాసి పంపితే స్టోరు వారు ఏది తేవాలి? ఆ పేరుతో అమ్మేవన్నీ ఒకే పని చేయవు. తక్కువ ధరకు దొరికినది తెచ్చారని వారిని తప్పుపట్టడం న్యాయం కాదు. రాయవలసినది వార్డులో ఉన్నవారే.

మన సిస్టర్లకు రోజూ ఎదురయ్యేది గాజు యాంప్యూల్. మెడ విరిచినప్పుడు కంటికి కనబడని గాజు రేణువులు మందులో పడతాయి. 18 గేజి గులాబీ రంగు సూదితో లాగితే పని త్వరగా అవుతుంది గాని, ఆ లావు సూదిలో రేణువులు కూడా సులువుగా వస్తాయి. ఇందుకు తగినది 5 మైక్రాన్ల ఫిల్టరు సూది. అది మందు లాగుకోవడానికి మాత్రమే. లాగిన తరువాత దానిని తీసివేసి కొత్త సూది పెట్టాలి. అదే సూదితో మందు ఎక్కిస్తే పట్టిన గాజంతా తిరిగి రోగికే చేరుతుంది. ఫిల్టరు సూది లేనిచోట 23 గేజి నీలం సూదితో నెమ్మదిగా లాగడం కొంత మేలు. అయితే అది ఫిల్టరుతో సమానం కాదు.

"5 కన్నా 0.22 మంచిది కదా, సూక్ష్మక్రిములు కూడా ఆగుతాయి" అనే మాట తరచు వినబడుతుంది. దీనితో నేను ఏకీభవించను. 0.22 మైక్రాన్ల ఫిల్టరు బాక్టీరియాను ఆపుతుంది గాని వైరస్‌లను, బాక్టీరియా విడిచిన విషపదార్థాలను ఆపదు. అనుమానం ఉన్న మందును పారవేయాలే గాని వడగట్టి వాడకూడదు. పైగా కొన్ని మందులు ఆ సన్నని పొర దాటవు. బెంజథైన్ పెన్సిలిన్, పాలలా ఉండే ఇన్సులిన్ వంటివాటిని వడగట్టనే కూడదు. ప్రోపోఫోల్‌కు 5 మైక్రాన్ల కన్నా సన్న ఫిల్టరు పనికిరాదు. 2021లో కోవిడ్ తరువాత వచ్చిన నల్ల ఫంగస్ రోగులకు వాడిన లైపోసోమల్ యాంఫోటెరిసిన్‌ను 5 మైక్రాన్ల ఫిల్టరు గుండా 5 శాతం డెక్స్‌ట్రోజులో కలపాలి, సెలైన్‌లో కాదు. డ్రిప్ లైనులో పెట్టే ఫిల్టరు 1 మైక్రాన్ కన్నా సన్నగా ఉండరాదు. ఫిల్టరు తప్పయితే చార్టులో డోసు ఇచ్చినట్లే ఉంటుంది, రోగికి మాత్రం అంత మందు అందదు. ఎందుకు కోలుకోవడం లేదో ఎవరికీ అర్థం కాదు.

మందు దిగడం లేదని పెద్ద సిరంజి తీసి చిన్న సిరంజితో బలంగా తోసేవారున్నారు. చిన్న సిరంజిలో ఒత్తిడి ఎక్కువ. పొర చిరిగితే మందు ఒక్కసారిగా సులువుగా దిగుతుంది. ఆ సులువును చూసి సంతోషించవద్దు. ఆ ఫిల్టరును, మందును రెంటినీ మార్చాలి. మరమూతి సిరంజి కాకపోతే ఆ ఒత్తిడికి ఫిల్టరు ఊడి మందు ముఖాన పడుతుంది కూడా.

లేబొరేటరీ పనికి అమ్మే ఫిల్టర్లు చూపుకు అచ్చం ఇలాగే ఉంటాయి. ప్యాకెట్టు మీద స్టెరైల్ అని లేకపోతే, ఎంత చవకైనా వెనక్కి పంపండి. వాటిలో టెఫ్లాన్ పొర రకం నీటి మందును పోనివ్వదు. నైలాన్ పొర ప్రోటీన్ మందులను పట్టుకుంటుంది.

ప్రతి ఇంజెక్షన్‌కూ ఫిల్టరు సూది పెట్టేంత స్తోమత చిన్న ఆసుపత్రులకు లేదు. నా అభిప్రాయంలో ఉన్నవాటిని ముందు నవజాత శిశువుల వార్డుకు, వెన్నులో మత్తు ఇచ్చే ఆపరేషన్ థియేటరుకు కేటాయించాలి. శిశువుకు అర మిల్లీలీటరు డోసు ఇచ్చేటప్పుడు ఫిల్టరులో నిలిచిపోయే చుక్కలను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఇకపై ఇండెంటులో మైక్రాన్ల సంఖ్యతోపాటు ఏ మందుకో కూడా రాయండి. మందు పేరు ఉంటే తప్పు ఫిల్టరును ఫార్మసిస్టు అక్కడే ఆపగలరు. పుస్తకాలు మళ్ళీ అచ్చు వేయించేటప్పుడు దానికి ఒక గడి పెట్టించవలసిందిగా అడ్మినిస్ట్రేటరు గారిని కోరుతున్నాను.