నిషేధం నిత్యమా, వైకల్పికమా?

బడిలో ముప్పై ఏళ్ళకు పైగా సంధులు చెప్పినవాణ్ణి. ఉత్తునకు సంధి నిత్యమనీ, ఏమ్యాదుల ఇత్తునకు వైకల్పికమనీ, అత్తునకు బహుళమనీ పిల్లలచేత వల్లె వేయించినవాణ్ణి. నిత్యమంటే తప్పక జరిగేది. వైకల్పికమంటే జరిగినా, జరగకపోయినా దోషం లేనిది. బహుళమంటే ఎప్పుడెలా జరుగుతుందో ప్రయోగాన్ని చూసి తెలుసుకోవలసినది. ఉద్యోగవిరమణ తరువాత నాకు తెలిసివచ్చినదేమంటే, ఈ విభాగం వ్యాకరణానికే పరిమితం కాదు. మన దేశంలో నిషేధశాసనం పేదవానికి నిత్యం, కలవానికి వైకల్పికం, ఎన్నికల వేళ నాయకునికి బహుళం.

ఈ మాట ఊరక అనడం లేదు. కిందటి సంక్రాంతి వెళ్ళిన నాలుగు రోజులకు ఒక తల్లి మా ఇంటికి వచ్చింది. ఆమె కొడుకు నా శిష్యుడు. పద్యం గొంతెత్తి చదివితే పక్క తరగతివాళ్ళు కూడా వినేవారు. లెక్కలు మాత్రం అబ్బలేదు. పదో తరగతి తప్పి డ్రైవరయ్యాడు. ఏజెన్సీ నుంచి ఒక కారు మైదానానికి తోలిపెడితే కొన్ని వేలు ఇస్తామన్నారట. దారిలో పోలీసులు ఆపారు. సీటు కింద ఇరవై కిలోలు దాటిన గంజాయి దొరికింది. సరుకు ఎవరిదో, ఎవరికి చేరవలసినదో వాడికి తెలియదు. తెలిసినవాడు పట్టుబడలేదు. రెండేళ్ళు దాటినా వాడింకా విచారణఖైదీగానే ఉన్నాడు. "మాస్టారూ, జడ్జిగారికి మంచి తెలుగులో ఒక అర్జీ రాసిపెట్టండి బాబూ" అని ఆమె అడిగింది.

మంచి తెలుగుకు కరిగే చట్టం కాదది. 1985లో పుట్టిన ఎన్.డి.పి.ఎస్. చట్టం ప్రకారం గంజాయి కిలో వరకు స్వల్ప పరిమాణం, ఇరవై కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. వాణిజ్య పరిమాణమైతే కనీస శిక్ష పదేళ్ళు, గరిష్ఠం ఇరవై. ఇక బెయిలు కావాలంటే, 37వ సెక్షను ప్రకారం, నిందితుడు దోషి కాడని నమ్మడానికి తగిన కారణాలున్నాయని న్యాయస్థానం ముందుగానే తృప్తి చెందాలి. విచారణ చివర తేలవలసిన విషయం విచారణకు ముందే తేలాలన్నమాట! న్యాయవాదికి లక్షలు పొయ్యగలవాడు ఈ ముడి విప్పుకొనే దారి వెతుక్కుంటాడు. కారు తోలినవాడు లోపలే ఉంటాడు.

ఇదే చట్టంలో మరొక వింత ఉన్నది. పూతలేని ఆకు గంజాయి నిర్వచనంలోకి రాదు. అందుచేత ఉత్తరప్రదేశ్, రాజస్థాన్‌లలో సర్కారు అనుమతితోనే భంగు దుకాణాలు నడుస్తున్నాయి. మొక్క ఒకటే. ఆకుకు లైసెన్సు, పూతకు సంకెల.

మన పూర్వులు ఈ విషయం ఆలోచించలేదనుకోకండి. 1893-94లో తెల్లదొరల ప్రభుత్వమే ఒక కమిషనును వేసింది. వెయ్యిమందికి పైగా సాక్షులను విచారించి అది తేల్చినదేమంటే, మితంగా వాడేవారిలో చెప్పుకోదగిన హాని కనబడటం లేదు, సంపూర్ణ నిషేధం అవసరమూ కాదు, ఉచితమూ కాదు, పన్నుతో, లైసెన్సుతో అదుపు చేస్తే చాలునని. తరువాత 1961 నాటి అంతర్జాతీయ ఒడంబడిక వచ్చింది. దానికి తలవంచి, నాలుగువందలు దాటిన స్థానాలతో గెలిచిన ప్రభుత్వం 1985లో ఈ చట్టం చేసింది. 1989లో, సార్వత్రిక ఎన్నికలు జరిగిన ఏడాదే, కొన్ని నేరాలు మళ్ళీ చేసినవారికి మరణశిక్ష కూడా చేర్చారు. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సంఘంలో గంజాయిని అత్యంత ప్రమాదకరమైన పట్టిక నుంచి తొలగించాలా అని ఓటు పెడితే, 27-25 తేడాతో తొలగింపు నెగ్గింది. ఆ 27లో మన దేశం కూడా ఉన్నది. అక్కడ వేసిన ఓటును ఇక్కడి ఎన్నికల సభలో చెప్పుకొన్న నాయకుణ్ణి నేను చూడలేదు.

మా నాన్నగారు ఆచార్య రంగాగారి అభిమాని. రాజాజీ 1959లో స్వతంత్ర పార్టీ పెట్టినప్పుడు రంగాగారే దానికి తొలి అధ్యక్షులు. లైసెన్సులు, పర్మిట్ల రాజ్యం పోవాలన్నది వారి నినాదం. 1967 లోక్‌సభలో ఆ పార్టీకి 44 స్థానాలు వచ్చాయి. ఆ గాలి పీల్చి పెరిగినవాణ్ణి గనుక ఒక మాట చెప్పుకొనే హక్కు నాకున్నదనుకుంటాను. ఆ రాజాజీయే 1937లో మద్రాసు ప్రధానిగా సేలంలో మద్యనిషేధం పెట్టారు. మరుసటి ఏడు అది మన చిత్తూరు, కడప జిల్లాలకు వచ్చింది. తగ్గిన ఆదాయం పూడ్చుకోవడానికి 1939లో అమ్మకం పన్ను వేశారు. నిషేధం పోయింది, పన్ను మిగిలింది! రాజాజీ చిత్తశుద్ధిని శంకించేంతటివాణ్ణి కాను. కాని పర్మిట్ రాజ్యమూ నిషేధ రాజ్యమూ కవలపిల్లలని ఆ మహానుభావునికి తోచకపోవడం నాకు నేటికీ విచారమే. మొదటిదానిలో అధికారి కలానికి వెల, రెండవదానిలో అతడు మూసుకొన్న కంటికి వెల.

కవలల్లో రెండవవానిని నేను కళ్ళారా చూశాను. దూబగుంట తల్లులు చేసిన పోరాటం గొప్పది. ఊరి బతుకును పీల్చే సారా వేలంపాటలను ఆపమన్నారు వారు. 1993 అక్టోబరులో సారా పోయింది. 1994 ఎన్నికల వాగ్దానం మేరకు 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది. అప్పుడు నేను పనిచేసిన ఊళ్ళో తొమ్మిదో తరగతి పిల్లలు కొందరు బడికి రావడం మానేశారు. ఆరా తీస్తే పుస్తకాల సంచుల్లో సరిహద్దు అవతలినుంచి సీసాలు మోస్తున్నారు. పిల్లవాణ్ణయితే పోలీసులు వెతకరని వాళ్ళను ఎంచుకున్నారు! 1997లో నిషేధం ఎత్తివేశారు. ఆ పిల్లల్లో అందరూ బడికి తిరిగి రాలేదు.

ఇక బహుళం చూడండి. 2019లో దశలవారీ మద్యనిషేధమన్నవారు గెలిచారు. 2024లో తక్కువ ధరకు నాణ్యమైన మద్యమన్నవారు గెలిచారు. ఆ 2024లోనే, శాసనసభకూ లోక్‌సభకూ కలిపి జరిగిన ఎన్నికలలో, గంజాయి మీ పాపమంటే మీ పాపమని పక్షాలన్నీ తిట్టుకున్నాయి. ఎవరెక్కువ కఠినులన్నదే పోటీ. నిషేధం పెడతానన్నవానికి చప్పట్లు ఆనాడే దొరుకుతాయి. దాని ఖరీదు మాత్రం తరువాత, ఎవరికీ కనబడనిచోట, మరొకడు చెల్లిస్తాడు. ఎన్నికల గణితమంతా ఇంతే.

ఈ గణితం తిరగబడకపోలేదు. అమెరికాలో 1920లో వచ్చిన మద్యనిషేధాన్ని ఎత్తివేస్తామని 1932 అధ్యక్ష ఎన్నికలలో రూజ్వెల్టు పక్షం బాహాటంగా చెప్పి గెలిచింది. 1933 డిసెంబరులో రాజ్యాంగ సవరణ ద్వారా ఎత్తివేసింది కూడా. ఆర్థికమాంద్యంలో పన్ను అవసరం తోడ్పడిందన్నమాట నిజమే. అయినా జాతీయ ఎన్నికలలో ఈ సంగతి దాచకుండా మాట్లాడినా ఓడిపోరని తేలింది కదా.

గంజాయివనానికి పంతులు వకాల్తా పుచ్చుకున్నాడని నవ్వేవారు నవ్వవచ్చు. నేను చుట్ట కూడా ముట్టనివాణ్ణి. గంజాయి మంచిదని అనను. లేతవయసువారికి అది చేటని ఉపాధ్యాయుడిగా నాకు తెలుసు. పిల్లలకు అమ్మినవాణ్ణి, మత్తులో బండి నడిపినవాణ్ణి శిక్షించవలసిందే. కాని యుక్తవయస్కుడు తన ఒంటికి తాను చేసుకొనే చేటు దోషమవుతుంది, పాపమవుతుంది. నేరం ఎలా అవుతుంది? దోషాన్ని దిద్దడానికి తల్లి ఉన్నది, గురువు ఉన్నాడు, వైద్యుడు ఉన్నాడు. వీరి పని పోలీసుకు అప్పగించినప్పుడే గంజాయి ధర పెరిగింది, ధరతోపాటు దళారీ పెరిగాడు, వాడికి కారు తోలేందుకు నా శిష్యుడు దొరికాడు.

అర్జీ రాసిచ్చాను. విడిచిపెట్టమని కాదు, విచారణ త్వరగా ముగించమని మాత్రమే. ఆమె దాన్ని కొంగున కట్టుకొని వెళ్ళింది. ఆమె వెళ్ళిన తరువాత మరొక సంగతి గుర్తుకు వచ్చింది. మన ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం జైలులో ఉన్నవాడు, నేరం రుజువు కాని విచారణఖైదీ అయినా సరే, ఓటు వెయ్యరాదు. ఈ చట్టం సంగతి ఒంటిమీద అనుభవించి తెలిసినవాడికే దానిపై ఓటు లేదన్నమాట. ఆ నిషేధం మాత్రం వాడి విషయంలో నిత్యమే.