పాత జిప్సీకి కొత్త షాకులు

అనంతగిరి ఘాట్ దిగుతుండగా ఒక మలుపులో గుంత తగిలి, మా పాత జిప్సీ వెనకభాగం జానెడు పక్కకు జరిగింది. మర్నాడు షెడ్డులో మెకానిక్ బండి కిందికి దూరి చూశాడు. వెనక ఎడమవైపు షాక్ అబ్జార్బర్ ఒళ్లంతా నూనెతో తడిసి, దానిమీద ఎర్రమట్టి అట్టకట్టి ఉంది. "నాలుగూ మార్చేద్దాం సార్, గ్యాస్‌వి వేస్తే మళ్లీ చూసుకోనక్కర్లేదు" అన్నాడు. అది తప్పుడు సలహా అనలేను. అయినా వెంటనే సరేననలేకపోయాను.

మార్చాలనేవారి మాటలో బలముంది. బండి బరువు మోసేవి కమాన్ కట్టలు; వాటి ఊపును అణచడం షాకుల పని. లోపలి నూనె సన్నని రంధ్రాల గుండా దూరుతూ ఆ ఊపును వేడిగా మార్చేస్తుంది. నూనె కారిపోయినా, వాల్వులు అరిగినా గుంతలో పడి లేచిన చక్రం వెంటనే నేలను పట్టదు. నేల పట్టని చక్రానికి బ్రేకు వేసినా, స్టీరింగు తిప్పినా ఫలితం అంతంతమాత్రమే. జిప్సీలాంటి ఎత్తెక్కువ, పొడవు తక్కువ ఉన్న బండికి ఇది కేవలం సుఖానికి సంబంధించిన సంగతి కాదు. ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని ఘాట్ దిగే బండి కాబట్టి, ఈ విషయంలో డబ్బు చూసుకుని వెనకాడటం నాకు సబబనిపించదు.

అయితే కొత్తవి వేస్తే బండి మెత్తబడుతుందనుకుంటే మాత్రం నిరాశే మిగలొచ్చు. జిప్సీకి ముందూ వెనకా కమాన్ కట్టలే; 1985లో వచ్చినప్పటినుంచీ కుదుపు దాని స్వభావం. ఆ కట్టల్లోని పట్టీల మధ్య తుప్పు చేరి బిగుసుకుంటే, ఎంత మంచి షాకు వేసినా నడుముకు తెలుస్తూనే ఉంటుంది. బానెట్ నొక్కి వదిలి ఎన్నిసార్లు ఊగుతుందో చూసే పరీక్ష కూడా ఇలాంటి బండి విషయంలో అంత నమ్మదగింది కాదు. పట్టీలు ఒకదానితో ఒకటి రాసుకునే ఒరిపిడే కొంత ఊపును మింగేస్తుంది కాబట్టి, షాకు పోయినా బండి కదలకుండా నిలబడవచ్చు. ఇక గతుకుల్లో వచ్చే టకటక చప్పుడుకు చాలాసార్లు కారణం షాకు కాదు, దాని చివరనుండే రబ్బరు బుష్. దాన్ని మార్చడానికయ్యే ఖర్చు చాలా తక్కువ.

వెనక షాకులు రెండూ విప్పించి చూశాం. ఎడమదాన్ని నిలబెట్టి రాడ్డు నొక్కితే, సగందాకా ఏ అడ్డూ లేకుండా జారి, ఆ తర్వాత గానీ బిగువు తగల్లేదు. కుడివైపుది మొదటినుంచీ ఒకే బిగువుతో దిగింది. నొక్కిన రాడ్డు తిరిగి పైకి రాకపోతే "ఇదీ పోయింది" అని పక్కన పడేసేవారున్నారు. గ్యాస్ నింపింది తనంతట తను లేస్తుంది గానీ, నూనె షాకు లేవాలనేమీ లేదు. ఈ తేడా తెలియక ఇంకా పనిచేసేవి కూడా పాత ఇనుములోకి పోతున్నాయి.

గ్యాస్ షాకుల గొప్పను కాదనలేం. లోపలి నైట్రోజన్ ఒత్తిడి వల్ల నూనె తొందరగా నురగ కట్టదు. రోజంతా రాళ్లబాటలో తిరిగే బండికి అది పెద్ద మేలు. కానీ బిగువు పెరిగితే, గతుకుల దెబ్బ ఛాసిస్‌కు షాకును పట్టి ఉంచే బ్రాకెట్ మీద పడుతుంది. కొత్త బండి దాన్ని తట్టుకుంటుంది. తుప్పుపట్టిన పాత ఛాసిస్‌లో వెల్డింగు దగ్గర చీలిక రావచ్చు, అప్పుడు షాకును మించిన ఖర్చు మీద పడుతుంది. పైగా 15 ఏళ్లు దాటిన బండికి 5 ఏళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి కాబట్టి, ఎంతవరకు పెట్టాలన్న ప్రశ్న అన్యాయమైందేమీ కాదు. నెలలో సగం రోజులు కొండల్లో తిరిగేవారు దీనికి వేరే జవాబు చెబితే నేను వాదించను.

చివరికి వెనక రెండూ మార్చాం, కంపెనీ కొలత ప్రకారం నూనెవే. కుడివైపుది బాగానే ఉన్నా, ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే రెండు చక్రాలూ ఒకేలా అణగవు కనుక దాన్ని దాచి ఉంచాను. బ్రాకెట్లను వైరు బ్రష్షుతో గీకి, చీలికలు లేవని చూశాకే బిగించాం. బుష్‌లు నాలుగు చక్రాలకూ కొత్తవి. ముందు షాకులను మాత్రం గుడ్డతో శుభ్రంగా తుడిచి అలాగే వదిలేశాం. నెల తర్వాత, వాన లేని రోజున మళ్లీ కిందికి దూరి చూస్తానన్నాడు మెకానిక్. వాటిమీద మట్టి పొడిగా ఉంటే ఇంకొంతకాలం ఉంచుదాం, అట్టకడితే అవీ జతగానే మారుద్దాం అనుకున్నాం.