అద్దె భీములు

ఈ మధ్య మన బళ్లలో ఒక కొత్త పన్ను పుట్టింది. సర్కారు వేసింది కాదు గనుక దానిమీద ధర్నాలు జరగవు, అసెంబ్లీలో ప్రశ్నలు రావు. దాని పేరు ఫ్యాన్సీ డ్రెస్. గురువారం సాయంత్రం పిల్లవాడి డైరీలో ఒక వాక్యం రాసి పంపుతారు: “శనివారం కార్టూన్ క్యారెక్టర్ వేషంలో రావలెను.” అంతే. దేంతో రావాలో, ఎలా రావాలో రాయరు. ఆ ఖాళీ తల్లి పూరించుకోవాలి.

మా ముదిగుబ్బలాంటి ఊళ్లో ఈ ఒక్క వాక్యం ఎంత బరువో పట్నంవాళ్లకు తెలియదు. ధర్మవరానికీ కదిరికీ నడుమ ఉన్న ఊరు మాది. 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లా, ఆ తర్వాత శ్రీ సత్యసాయి జిల్లా. జిల్లా పేరు మారింది గాని వాన తీరు మారలేదు. వేరుశనగ విత్తి ఆకాశంకేసి చూడడమే ఇప్పటికీ మా సేద్యం. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. టౌనులో ఛోటా భీమ్ వేషం ఒక్కరోజుకు అద్దెకివ్వడానికి మా వీధివాళ్లను నాలుగైదు వందలు అడిగారు. ఆపైన డిపాజిట్టు, బస్సు చార్జీలు, తేవడానికొకసారి తిరిగివ్వడానికొకసారి పని చెడడం. లెక్క మీరే వెయ్యండి. అమ్మ రెండు మూడు రోజులు తట్ట మోస్తేగాని కొడుకు పది నిమిషాలు భీముడు కాలేడు!

కిందటేడు మా వీధిలో ఒక పిల్ల ఆ శనివారం బడికి పోలేదు. “కడుపునొప్పి అక్కా” అంది వాళ్లమ్మ, నా మొహంలోకి చూడకుండా. సోమవారానికి తగ్గిపోయింది. ఇలాంటి కడుపునొప్పులు ఫ్యాన్సీ డ్రెస్ రోజునే ఎందుకు వస్తాయో ఏ డాక్టరూ చెప్పనక్కర్లేదు.

అలాగని వేషాలే వద్దంటానా? అనను. ఏడేళ్ల పిల్లవాడికి కాసేపు ఇంకొకరుగా ఉండడమంత సంబరం మరొకటి లేదు. నవలలు రాసుకునే నాకు ఆ సంబరం నలభై దాటినా తీరలేదు, పిల్లలకెందుకు కాదనాలి? నేననేది ఒక్కటే. వేషం ఇంట్లో తయారుకావాలి. పిల్లవాడి చేతికి జిగురంటాలి. అద్దె వేషానికి బహుమతి ఇవ్వకూడదు.

ఈ మాటనగానే ముందుగా మీదికొచ్చేది సంస్కృతిపరులు. “కార్టూన్లేమిటండీ? కృష్ణుడి వేషం వెయ్యక!” అంటారు. అయ్యా, ఆ కృష్ణుడి కిరీటం కూడా అద్దెదే కదా! పైగా ఛోటా భీమ్‌ పరాయివాడేమీ కాడు. 2008లో హైదరాబాదులో, రాజీవ్ చిలకగారి గ్రీన్ గోల్డ్ యానిమేషన్‌లో పుట్టినవాడు. లడ్డూ తింటాడు, ధోవతి కడతాడు. అంతకన్నా మనవాడెలా అవుతాడు?

ఇంకొంచెం వెనక్కి వెళ్దాం. ధర్మవరం మండలంలోనే నిమ్మలకుంట ఉంది. అక్కడ మేకతోలును వెలుగు దూరేంత పల్చగా చేసి, రంగులద్ది, తోలుబొమ్మలు చేస్తారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. తోలుబొమ్మలాటలో రాముడూ రావణుడూ యుద్ధానికి దిగేలోగా, మధ్యలో జుట్టుపోలిగాడూ బంగారక్కా దూకి జనాన్ని కడుపుబ్బ నవ్విస్తారు. తెల్లటి తెర, వెనక దీపం, తెరమీద కొట్టుకుంటూ తిట్టుకుంటూ గెంతే రంగుల బొమ్మలు. దీన్ని కార్టూన్ అనక ఇంకేమంటారు? టీవీ రాకముందే మా తాతలు కార్టూన్లు చూశారండీ, కాకపోతే చేసేవాళ్లు పక్క ఊళ్లోనే ఉండేవాళ్లు.

వేషాల సంగతీ అంతే. అక్టోబరు 31న అమెరికాలో మనవాళ్ల పిల్లలు హాలోవీన్‌ అంటూ వేషాలు కట్టి, ఇల్లిల్లూ తిరిగి మిఠాయిలు అడుక్కుంటుంటే ఆ ఫోటోలు చూసి ఇక్కడ మురిసిపోతున్నాం. మన పగటి వేషగాళ్లు ఇల్లిల్లూ తిరిగి గింజలడిగినప్పుడు మాత్రం తలుపేసుకున్నాం! తిరుపతి గంగమ్మ జాతర చూడండి. ఒంటికి సుద్ద పూసుకుంటే బైరాగి. కుంకుమ పూసుకుంటే బండ. బొగ్గుపొడి పూసుకుని వేపాకు కట్టుకుంటే తోటి. ఊరు ఊరంతా వేషం కట్టినా బేడ ఖర్చుండదు. పొయ్యిలో బొగ్గు, చెట్టున ఆకు. వేషమంటే మన దేశంలో మొదటినుంచీ ఇదీ సంగతి.

రెండో పక్షం నా తోటి తల్లులు. “అంత తీరికెక్కడుందక్కా? అద్దెకు తెస్తే ఐపాయ కదా!” అంటారు. నిజమే, తీరిక లేదు. కానీ అంత బ్రహ్మవిద్య కూడా లేదు. మా చెల్లెలి కొడుక్కి డోరేమాన్ కావాలిట. 1969 చివర్లో జపాన్ పిల్లల పత్రికల్లో పుట్టిన నీలం రంగు మరపిల్లి అది. చెవుల్ని ఎలుక కొరికేసిందని కథ. కుట్టే తల్లి కష్టం తెలిసినవాడే ఆ కథ రాసి ఉండాలి, చెవులు అతికించే బాధ తప్పింది!

పెద్ద బెలూన్ ఊదాం. మైదాపిండి గంజి కాచి, పాత పేపరు ముక్కలు దానిమీద నాలుగు పొరలు అంటించాం. రెండు రోజులు ఎండలో పెట్టాం. మా ఊళ్లో దేనికి కరువొచ్చినా ఎండకు రాదు! పేపరు గట్టిపడ్డాక బెలూన్‌ని సూదితో పొడిచి, మెడ దూరడానికి కిందా, మొహానికి ముందూ కత్తిరిస్తే బుర్ర తయారు. నా పాత నీలం పంజాబీ డ్రస్సు చొక్కా అయింది. ఎర్ర రిబ్బను మెడపట్టీ. దానికి పక్కింటి దూడ మెడలోని గంట, ఒక్కరోజు బదులు. మీసాలకు చీపురుపుల్లలు పెడితే కంట్లో పొడుచుకుంటాయని నల్ల దారం అంటించాం. పొట్టమీద బావగారి పాత బనీను ముక్కతో అర్ధచంద్రాకారం జేబు. డబ్బిచ్చి కొన్నది బెలూనూ రంగులూ మాత్రమే. పేపర్లు అంటించిందంతా పిల్లవాడూ, వాడికి సాయమొచ్చిన మరో నలుగురూ. ఆ రెండు రోజులూ ఎవరూ ఫోను అడగలేదు.

ఛోటా భీమ్ అయితే ఇంకా తేలిక. ఇంట్లో ఎవరైనా హనుమాన్ దీక్షకు కట్టిన కాషాయ పంచె ఉంటే సగానికి మడిచి కట్టండి, చేతిలో లడ్డూ పెట్టండి, అయిపోయింది. ఉత్త ఒంటితో తిరిగే వీరుడికి అద్దె దుకాణంలో ఏం ఇస్తున్నారో తెలుసా? స్పాంజి కండలు కుట్టిన చొక్కా! మండే ఎండలో పిల్లవాడు చెమటతో తడిసి, ఊపిరాడక, భీముడిలా నిలబడాలి. దేవుడిచ్చిన ఒళ్లు చాలదన్నమాట.

ఇక అసలు ముద్దాయిలు బడులవాళ్లు. మావాడి బడిలో ఆరోజు మొదటి బహుమతి ఎవరికొచ్చిందనుకున్నారు? తళతళలాడే అద్దె స్పైడర్‌మ్యాన్‌కి. ఆ అబ్బాయి తప్పేమీ లేదు, పాపం. బట్టీపట్టిన నాలుగు ఇంగ్లీషు ముక్కలు ఒప్పజెప్పి దిగిపోయాడు. మావాడేమో తన పొట్టమీది జేబులోంచి వేరుశనక్కాయలు తీసి, ముందు వరసలోని పిల్లలందరికీ పంచాడు. డోరేమాన్ జేబులోంచి ఏది కావాలన్నా వస్తుంది కదా! పిల్లలు చప్పట్లు కొట్టారు. న్యాయనిర్ణేతలు మాత్రం “నీట్‌గా లేదు” అన్నారు. ఆరోజే ఇంకో సంగతి గమనించాను. అద్దెకు తెచ్చిన డోరేమాన్ కూడా ఒకడున్నాడు. వాడికి జేబు లేదు, జేబులా అచ్చువేసిన బొమ్మ ఉంది. చెయ్యి పెడదామని చూసి ఊరుకున్నాడు.

పోటీ పిల్లలకా, తండ్రుల పర్సులకా? పర్సులకే అయితే పిల్లల్ని ఎందుకు ఎండలో నిలబెట్టడం? రసీదులు తెప్పించుకుని, పెద్ద రసీదుకు బహుమతి ఇచ్చేస్తే సరిపోతుంది!

బడి తల్చుకుంటే చెయ్యడం కష్టమా? రెండు రోజుల ముందు కాదు, రెండు వారాల ముందు చెప్పాలి. అట్టలూ గంజీ రంగులూ బడిలోనే పెట్టి, వారంలో రెండు పీరియడ్లు పిల్లలచేతే చేయించాలి. స్టేజీ ఎక్కాక “నేను స్పైడర్‌మ్యాన్‌ని” అని ఇంగ్లీషులో వల్లించడం కాకుండా, “ఇది దేంతో చేశావురా?” అని తెలుగులో అడగాలి. ఆ జవాబుకు మార్కులెయ్యాలి. గోనెసంచితో ఎలుగుబంటి అయిన పిల్లకూ, పట్టుచీర పెట్టె అట్టతో కిరీటం చేసుకున్న పిల్లవాడికీ చెప్పుకోవడానికి ఎంత కథ ఉంటుందో అప్పుడు తెలుస్తుంది.

తల్లులారా, నవంబరు 14 ఏటేటా వస్తుంది. డైరీలో ఆ వాక్యం వచ్చే లోపే నలుగురు కలిసి బడికి వెళ్లండి. “ఇంట్లో చేసిన వేషాలకే బహుమతి” అనే ఒక్క మాట చేర్చమనండి. కాదంటే కారణం చెప్పమనండి. అద్దె దుకాణం ఆయనకు తప్ప ఇంకెవరికైనా దానివల్ల ఏ నష్టమో, ఎంత ఆలోచించినా నాకైతే తోచడం లేదు.