పదము తెలిసినది, పదార్థము తెలియలేదు

పరిభాషను కల్పించినంత మాత్రమున శాస్త్రము భాషలోనికి వచ్చినట్లు కాదు. పాఠశాలలో వ్యాకరణము చదివి, జీవితమంతయు పాఠము చెప్పుటలో గడపిన నాకు ఈ సంగతి వార్ధకమున గాని తెలిసిరాలేదు. గణితమున ఎం.యస్సీ. చదువుచున్న మా మనుమరాలు ఒకనాడు ‘అవినిమయ బీజగణితము’ అనగా ఏమని నన్నడిగినది. ధాతువును చెప్పి, ఉపసర్గలను విడదీసి, నఞ్సమాసమును సాధించి చూపితిని. శ్రద్ధగా విని, “పదం తెలిసింది తాతయ్యా, విషయం తెలియలేదు” అన్నది. ఆ మాట నాకొక్కనికే కాక, మన పండితవర్గమున కంతటికిని తగులునని నా అభిప్రాయము.

1968లో తెలుగు అకాడమి ఏర్పడిన పిమ్మట కళాశాల గణితమునకు తెలుగు పాఠ్యగ్రంథములు వెలువడినవి. సమూహము, వలయము, క్షేత్రము, వినిమయ ధర్మము, సాహచర్య ధర్మము మున్నగు పదములు వ్యాప్తిలోనికి వచ్చినవి. అది గొప్ప పనియే. కాని ‘తత్సమ మూలకము’ అనినప్పుడు వైయాకరణుడు సంస్కృతసమమైన శబ్దమును తలచును. గణితజ్ఞుడు దేనితో చేరినను దానిని మార్పక విడుచు దానిని, అనగా కూడికలో సున్నను, గుణకారమున ఒకటిని తలచును. ఈ ఇరువురి నడుమ నిలిచిన జిజ్ఞాసువునకు రెండును అందవు. పదము ద్వారము మాత్రమే; లోనికి తీసికొనిపోవలసినది ఉదాహరణము.

ఈ మర్మము నెరిగినవాడు మన ప్రాంతమువాడే. మంగళగిరికి దక్షిణమున, ఇంకొల్లు చేరువ నున్న పావులూరు పేరు ఇంటిపేరుగా గల మల్లన, తొమ్మిదవ శతాబ్దిలో అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును తెలుగు పద్యములలోనికి తెచ్చెను. ఆయన కాలమును గూర్చి పండితులలో భేదాభిప్రాయము లున్నవి. చేసిన పనిని గూర్చి లేవు. మూలమున జైనసంప్రదాయమునకు చెందిన ఉదాహరణములుండగా, శైవుడైన మల్లన తన పాఠకులకు పరిచితమైన శైవోదాహరణములను వాని స్థానమున నిలిపెను. లెక్క మారలేదు, లెక్క నిలిచిన లోకము మారినది. నా దృష్టిలో శాస్త్రానువాదమునకు ఇదియే ప్రమాణము.

నేటి గణితమునకు ఈ పద్ధతి చెల్లునా? చూతము. మంగళగిరి కొండపై స్వామికి సమర్పించు పానకమున బెల్లము ముందు వేసినను, మిరియాలు ముందు వేసినను పానకము ఒక్కటే. ఇది వినిమయము. కొండ దిగి నేతవాడకు రండు. నూలుకు రంగువేసి పిదప నేసినచో అంచొక రంగు, చీర యొక రంగు. తెల్లగా నేసి పిదప రంగుతొట్టిలో ముంచినచో అంతయు నొక్కటే రంగు. పనులు రెండే; క్రమము మారగా ఫలము మారినది. ఇది అవినిమయము.

శుద్ధగణితమున ఇట్టిదే మరియొకటి. రాముడు, కృష్ణుడు, శివుడు అను ముగ్గురు శిష్యులు వరుసగా కూర్చుండిరి. మొదటి రెండు స్థానములవారిని, పిదప చివరి రెండు స్థానములవారిని తారుమారు చేసినచో కృష్ణుడు, శివుడు, రాముడు అను వరుస వచ్చును. అవే మార్పులను ముందు వెనుకలుగా చేసినచో శివుడు, రాముడు, కృష్ణుడు అని వచ్చును. ఇందు అరాజకము లేదు. ప్రతి ఫలమును నియతమే. అవినిమయమనగా నియమరాహిత్యము కాదని ఇక్కడనే గట్టిగా చెప్పవలెను.

ఇక రేఖాగణితము. ఒక గ్రామపు కరణము వద్ద అనేకములైన లెక్కలున్నవనుకొనుడు. ప్రతి లెక్కయు ఒక్కొక్క పొలమునకు ఒక్కొక్క సంఖ్యను చెప్పును: ఒకటి ఎకరములను, ఒకటి ఎకరమునకు మిరప దిగుబడిని. రెంటిని పొలము పొలమునకు గుణించినచో మొత్తము దిగుబడి లెక్క వచ్చును. ఏది ముందైనను భేదము లేదు. పొలములను కన్నులార చూడనివాడును, ఊహింపదగిన లెక్కలన్నియు, వాని కూడికల గుణకారముల తీరును తెలిసినచో, పొలములను తిరిగి గుర్తింపగలడు. ఏలయన పొలమనగా ప్రతి లెక్కనుండి ఒక సంఖ్యను ఎత్తి చూపుచు, కూడికను కూడికగను, గుణకారమును గుణకారముగను కాపాడు నియమమే. తగిన నిబంధనలతో 1943లో గెల్ఫాండ్, నైమార్క్ అను రష్యాదేశపు పండితులు స్థాపించిన సిద్ధాంతపు సారము ఇదియే.

మరి గుణకారమున క్రమము మారగా ఫలము మారు లెక్కలున్నచో? ఒక పొలమున చదివిన రెండు సంఖ్యల గుణకారము క్రమభేదము నెరుగదు. కావున ఆ లెక్కలలోని భేదమును ఏ పొలమును చూపజాలదు. పొలములు మాయమగును, లెక్కలు మాత్రము నిలుచును. 1925లో హైసెన్‌బర్గ్ పరమాణువును గూర్చి చేసిన గణనలో ఇట్టి రాసులే ఎదురైనవి. బిందువులు లేకున్నను ఆ లెక్కలనే ఒక ప్రదేశముగా భావించి, దూరము, వైశాల్యము వంటివానిని వానినుండియే రాబట్టవచ్చునని చూపినవాడు ఫ్రాన్సు దేశీయుడైన అలైన్ కాన్. ఆయనకు 1982 సంవత్సరపు ఫీల్డ్స్ పతకము లభించినది. అవినిమయ రేఖాగణితముపై ఆయన బృహద్గ్రంథము 1994లో ఆంగ్లమున వెలువడినది.

ఇక్కడ మనవారికొక హెచ్చరిక. జటాఘనపాఠములలో పదములు వ్యత్యస్తమగుట చూచి, సమూహసిద్ధాంతము మనకు పూర్వమే కలదని సభలలో చెప్పువారిని వినియున్నాను. వినుటకు ఇంపుగా నుండును గాని అది వివరణము కాదు, ఆత్మస్తుతి. ఘనపాఠమును ఉదాహరణముగా వాడుకొనుడు, ప్రమాణముగా వాడకుడు. ప్రతి దృష్టాంతమును ఎంతవరకు చెల్లునో, ఎక్కడ ఆగునో చెప్పుట నైయాయికులకు నేర్పవలసిన విద్య కాదు. నేత ఉదాహరణము క్రమభేదమును చూపును; రెండు రాసులను కూడుట యెట్లో చూపదు. ఆ మాటయు పాఠకునకు చెప్పవలెను.

సులభము చేయుటవలన శాస్త్రము పలుచనగునని గణితాధ్యాపకులు శంకింతురు. పలుచనగునది కష్టమును దాచినప్పుడే గాని, కష్టమెక్కడ నున్నదో చూపినప్పుడు కాదు. మంగళగిరికి సమీపమున నున్న ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయమున నియర్ రింగులను గూర్చి చిరకాలముగా పరిశోధన జరిగినది. ఇందు కూడికయు వినిమయము కానక్కరలేదు. విభాగన్యాయములలో ఒకటి చాలును. ఆ విషయముపై అచటి భవనారి సత్యనారాయణగారు కుంచం శ్యాంప్రసాద్‌గారితో కలిసి రచించిన ఆంగ్లగ్రంథము 2013లో వెలువడినది. ఇంత చేరువ జరుగు ఆలోచన మన ప్రాచ్య కళాశాలల గడప దాటి రాలేదనిన, దోషము దూరముది కాదు.

కావున నా సూచన యొకటే. ఒక పండితుడును ఒక గణితాధ్యాపకుడును జంటగా కూర్చుండి, సంచికకొక భావనను ఈ పత్రికలో వివరింపవలెను. పదము, నిత్యజీవితమునుండి ఉదాహరణము, ఆ ఉదాహరణము చెల్లని చోటు అను మూడును అందుండవలెను. అది సిద్ధించెనో లేదో నిర్ణయింపవలసినవారు పండితులు కారు. “పదం తెలిసింది, విషయం తెలియలేదు” అని నిర్భయముగా చెప్పగల విద్యార్థులే అందులకు పరీక్షకులు.