జారిపోయే ఎంజైమును పట్టి నిలిపిన కుట్టు

బ్యాక్టీరియాను మింగిన తెల్ల రక్తకణం ఒక్కసారిగా బోలెడంత ఆక్సిజన్‌ను లాక్కుంటుంది. అది ఊపిరి కోసం కాదు. ఆ ఆక్సిజన్‌ను సూపరాక్సైడ్‌గా మార్చి క్రిములపై ప్రయోగిస్తుందని 1973లో బెర్నార్డ్ బాబియర్ బృందం చూపింది. ఈ మార్పు చేసేది కణపొరలో ఉండే ఎన్‌ఏడీపీహెచ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము.

పుట్టుకతోనే ఇది పనిచేయని బిడ్డకు చీముగడ్డలు, న్యుమోనియా, ఫంగస్ జబ్బులు తిరగబెడుతూనే ఉంటాయి. దీన్ని క్రానిక్ గ్రాన్యులోమాటస్ డిసీజ్ అంటారు. మన దగ్గర కొందరు పిల్లల్లో బీసీజీ టీకా తర్వాత చంకలో గడ్డ కట్టి చీము పట్టడమే తొలి ఆనవాలు. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తే కలిగే రకాలకు మేనరికాలు మరింత తావిస్తాయి.

ఈ ఎంజైమును పరీక్షించడమే పెద్ద చిక్కు. ఇది ఒకే ముక్క కాదు. రెండు ప్రోటీన్లు పొరలో ఉంటే, మిగతావి కణద్రవంలో వేచి ఉంటాయి. క్రిమి తగిలాకే అన్నీ ఒకచోట చేరతాయి. శుద్ధి చేద్దామని డిటర్జెంటుతో పొర నుంచి విడదీస్తే, ఆ పొందిక చెదిరి పని ఆగిపోతుంది.

1980ల చివర్లో, అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో డేవిడ్ ల్యాంబెత్ ప్రయోగశాలలో మినోరు తమురా తదితరులు దీనికి రసాయన మార్గం పట్టారు. వాళ్లు వాడింది ఒక కార్బోడైఇమైడ్. అది ఒక ప్రోటీన్‌లోని కార్బాక్సిల్ కొసను ఆనుకుని ఉన్న అమైన్ కొసతో నేరుగా కలుపుతుంది. కలిపాక తాను మధ్యలో మిగలదు, దారం కనిపించని కుట్టు అన్నమాట. అలా కుట్టిన ఎంజైము తన పని పోగొట్టుకోకుండా ఎక్కువసేపు నిలిచింది.

కట్టేసిన ఎంజైము సహజమైనదేనా అన్న అనుమానం న్యాయమైనదే. అయితే కుట్టాక కూడా అది సూపరాక్సైడ్‌ను తయారుచేయడమే అసలు పరీక్ష.

ఈ వ్యాధిలో ప్రధాన జన్యువును 1986లో స్టువర్ట్ ఆర్కిన్ బృందం పట్టుకున్న కథ పాఠ్యపుస్తకాల దాకా వెళ్లింది. ఎంజైమును నిలిపి ఉంచిన శ్రమ మాత్రం ప్రయోగశాల గడప దాటలేదు. ఈ చిన్నచూపు సరికాదు. 2022లో ఈ ఎంజైము నిర్మాణాన్ని క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూసినప్పుడూ పొరలోని భాగానికి యాంటీబాడీ ముక్కను ఊతంగా ఇవ్వాల్సి వచ్చింది. ‘ఇది ఉత్త పద్ధతేగా’ అని ఇలాంటి పనికి నిధులు నిరాకరించడం పొరపాటు.

నిలకడ లేకపోవడం రోగి దాకా వస్తుంది. ఎంజైము పనిని చూసి వ్యాధిని నిర్ధారించే పరీక్షకు బతికున్న తెల్లకణాలు కావాలి. మారుమూల జిల్లాలో తీసిన రక్తం ఒకటి రెండు రోజుల్లోపే కణాలను పరీక్షించే ఫ్లో సైటోమీటరు ఉన్న ల్యాబుకు చేరాలి. ఆ గడువును ఇంకొన్ని రోజులు పెంచే రసాయనం కోసం వెతికేవాళ్లకు ప్రభుత్వ పరిశోధన నిధుల్లో వాటా దక్కాలి.