కర్మాగారం గేటు దగ్గరే ఆగిపోతున్న జాగ్రత్త

భిలాయ్ ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభమైంది. అప్పటినుంచి ఆ ఊరికి హెల్మెట్, కళ్లద్దాలు, బూట్లు కొత్త కాదు. ఉద్యోగాల కోసం ఆంధ్ర నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఇవి ఇంటి మాటలే. అయితే వైశాలి నగర్ లాంటి కాలనీల్లో సెలవు రోజున ఇంటి ముందు కారు కింద దూరే మనిషికి ఆ జాగ్రత్తలు గుర్తుకు రావు. వారమంతా నియమాలు పాటించిన చేతులే ఆదివారం వాటిని పక్కన పెడతాయి.

మొదట జాకీ సంగతి. కారుతో పాటు వచ్చే జాకీని చక్రం మార్చడానికే తయారుచేస్తారు, మనిషి కింద దూరి పనిచేయడానికి కాదు. దాని అడుగు ఇరుకు. నేల కాస్త వాలుగా ఉన్నా, మట్టి మెత్తగా ఉన్నా అది పక్కకు ఒరుగుతుంది. హైడ్రాలిక్ జాకీ పాస్కల్ సూత్రంతో పనిచేస్తుంది: చిన్న పిస్టన్ మీద వేసిన ఒత్తిడి నూనె ద్వారా పెద్ద పిస్టన్‌ను లేపుతుంది. లోపలి సీలు అరిగి నూనె కారితే ఆ పిస్టన్ కిందికి దిగుతుంది. చాలా కార్లలో హ్యాండ్‌బ్రేక్ వెనక చక్రాలనే పడుతుంది. వాటిలో ఒకటి గాలిలోకి లేస్తే బ్రేకు పట్టు రెండో చక్రం మీదే ఉంటుంది. అందుకే నేల మీదున్న చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టాలి. కారు కింద దూరాలంటే బరువును ఇనుప స్టాండ్ల మీదికి దించాలి. ఇటుకలు స్టాండ్లు కావు, బరువు ఒకచోట పడితే పగిలిపోతాయి.

తర్వాత గ్రైండర్. నాలుగంగుళాల గ్రైండర్ చాలావరకు నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంది. 100 మిల్లీమీటర్ల రాయి అంచు వేగం లెక్కవేస్తే గంటకు సుమారు 207 కిలోమీటర్లు. రాయి పగిలితే ముక్కలు ఆ వేగంతోనే ఎగురుతాయి. గార్డు తీసేసి 180 మిల్లీమీటర్ల రాయి బిగిస్తే అంచు వేగం 373 కిలోమీటర్లు దాటుతుంది. అంత పెద్ద రాయి మీద సాధారణంగా ముద్రించి ఉండే పరిమితి 8,500 చుట్లే. కంట్లో పడిన ఇనుప రజను కొన్ని గంటల్లోనే కార్నియాపై తుప్పు మచ్చ వేస్తుంది.

"ఐదు నిమిషాల పనికి ఇన్ని ఏర్పాట్లా?" అని అడగడం సహజమే. నిజానికి ప్రమాదానికి ఐదు నిమిషాలు కూడా అక్కర్లేదు. అసలు తేడా మరోచోట ఉంది. కర్మాగారంలో అడిగేవాడు ఉంటాడు. 2025 వరకు అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం కళ్ల రక్షణకు 35వ సెక్షన్‌నే కేటాయించింది. ఇంటి గుమ్మం దాటి ఆ చట్టం ఎప్పుడూ రాలేదు. అక్కడ అడగాల్సింది ఇంట్లోవాళ్లే.

కుటుంబం డ్రైవర్‌ను పెట్టుకున్నచోట ఈ బాధ్యత ఇంకా పెద్దది. టైరు మార్చమని, కింద ఏదో చప్పుడు వస్తోంది చూడమని యజమాని అంటే అతను కాదనలేడు. స్టాండ్లు, కళ్లద్దాలు కొనిపెట్టాల్సింది పని చెప్పినవారే. అవి లేకపోతే కింద దూరవద్దని చెప్పాల్సిందీ వారే.

మూడు నియమాలు చాలు. జాకీని మాత్రమే నమ్మి ఎవరూ కారు కింద దూరకూడదు. గార్డు లేని గ్రైండర్‌కు కరెంటు ఇవ్వకూడదు. కళ్లద్దాలు పెట్టుకోనివారి చేతికి పనిముట్టు ఇవ్వకూడదు. పక్కన నిలబడి చూసే పిల్లలు రేపు నాన్న చేసినట్టే చేస్తారు. అందుకైనా కర్మాగారంలో నేర్చుకున్న అలవాటు ఇంటిదాకా రావాలి.