జమ లేని ఖర్చు

ఒక మోటారు నీళ్ళను పైకి తోడుతుంది. ఆ నీళ్ళు కిందపడి జనరేటరును తిప్పుతాయి. ఆ కరెంటుతోనే మోటారు నడుస్తుంది, పైగా ఇంట్లో దీపాలూ వెలుగుతాయి! ఇలాంటి వీడియోలను చదువుకున్నవాళ్ళు కూడా "మన ఋషులకు ఇది ఎప్పుడో తెలుసు" అని జతచేసి మరీ పంపుతున్నారు. నేను చదివింది కామర్సు, చేసింది రక్షణ శాఖ లెక్కల ఉద్యోగం. జమ లేని ఖర్చును పట్టుకోవడానికి ఆ చదువు చాలు.

నీటితో నిజంగానే పనిచేసిన యంత్రాన్ని చూద్దాం. హిమాలయ గ్రామాల్లో దాన్ని ఘరాట్ అంటారు. కాలవ నీళ్ళు ఏటవాలు తొట్టిలోంచి దూకి, పడుకోబెట్టిన చక్రం రెక్కలను కొడతాయి. చక్రానికి బిగించిన నిలువు ఇరుసు కింది రాయి మధ్యగా పైకి వచ్చి పై రాయిని తిప్పుతుంది. అచ్చంగా మన తిరగలే. పిడి తిప్పే చేతికి బదులు నీరు, అంతే. నిలువు చక్రాన్ని పళ్ళ చక్రాలతో తిరగలికి కలిపే పద్ధతిని క్రీ.పూ. 1వ శతాబ్దంలోనే రోమన్ ఇంజనీరు విట్రూవియస్ రాసిపెట్టాడు.

ఇప్పుడు లెక్క. సెకనుకు 100 లీటర్ల నీరు 3 మీటర్ల ఎత్తునుంచి పడితే సుమారు 2,900 వాట్లు. సగం వృథా అయినా 1,450 మిగులుతాయి. మనిషి గంటల తరబడి నిలకడగా చేయగలిగేది 75 వాట్ల పని. అంటే దాదాపు 20 మంది విసురు! మరి జమ ఎవరిది? నీటిని ఆవిరి చేసి, వానగా కొండ మీదికి చేర్చిన సూర్యుడిది.

నిజాముల తొలి రాజధాని ఔరంగాబాదులో (నేటి ఛత్రపతి శంభాజీనగర్) పన్‌చక్కీ ఉంది. అది ఉన్నది బాబా షా ముసాఫిర్ దర్గాలోనే. కాని తిరిగింది మహిమతో కాదు. కొన్ని కిలోమీటర్ల అవతలి కొండల నీటిని భూమిలోని మట్టి గొట్టాల ద్వారా తెచ్చి, ఎత్తునుంచి వదిలారు. వందల కూలీల చెమట ఆ ఖాతాలో ఉంది.

మా పుదుచ్చేరిలో సముద్రమంత నీరుంది. దానితో ఒక్క ఘరాట్ కూడా తిరగదు. ఆ నీరు అప్పటికే అట్టడుగుకు చేరింది, ఖాతా ఖాళీ. అలల శక్తి అంటారా, అది గాలి పెట్టిన ఖర్చు.

ఇదంతా కాలక్షేపం కబురు కాదు. 1996లో మన పక్క తమిళనాడులోనే రామర్ పిళ్ళై మూలికలతో నీళ్ళను పెట్రోలు చేస్తానంటే పెద్దపెద్దవాళ్ళే నమ్మారు. 2016లో చెన్నై సి.బి.ఐ. కోర్టు అతనికి మూడేళ్ళ జైలుశిక్ష వేసింది. ఇరవై ఏళ్ళు పట్టింది!

ఈసారి ఎవరైనా "ఉచిత కరెంటు" యంత్రానికి పెట్టుబడి అడిగితే ఒక్కటే అడగండి: "బయటి తీగలన్నీ పీకేసి, గదికి మా తాళం వేసి, నెలరోజులు నడిపి చూపిస్తారా?" ఒప్పుకునేదాకా చెక్కు మీద సంతకం పెట్టకండి.